ఒకే మూలం, పలు రూపాలు: వ్యవసాయ సలహా పత్రాల తయారీలో ఎక్స్‌ఎంఎల్ స్టైల్‌షీట్ల వినియోగం

సారాంశం

వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహా ఒకటే అయినా, అది రైతును చేరే దారులు అనేకం. ముద్రిత బులెటిన్, వెబ్ పుట, సంక్షిప్త సందేశం, ధ్వని సందేశం, పంట నమూనా సాఫ్ట్‌వేర్ – వీటిలో ప్రతిదానికీ సమాచారం వేర్వేరు రూపంలో కావాలి. ఒక్కో రూపాన్ని విడిగా టైపు చేసినప్పుడు మోతాదులు, ప్రమాణాలు, తేదీలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. సమాచారాన్ని ఒకే ఎక్స్‌ఎంఎల్ పత్రంలో భద్రపరచి, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో స్టైల్‌షీట్‌ను వర్తింపజేసే పద్ధతిని జోగుళాంబ గద్వాల జిల్లా ధరూర్ మండలానికి కూర్చిన నమూనా సలహా ద్వారా ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ పద్ధతిలో ఎదురయ్యే దోషాలను, వాటి నివారణను, పద్ధతి పరిమితులను కూడా చర్చిస్తుంది.

ముఖ్య పదాలు: ఎక్స్‌ఎంఎల్, స్టైల్‌షీట్, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, వ్యవసాయ వాతావరణ సలహా, యూనికోడ్, డీశాట్, విస్తరణ

1. ఉపోద్ఘాతం

కృష్ణా నదిపై ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఉన్న ప్రాంతం ధరూర్ మండలం. కాలువ నీరు అందే చోట వరి, వర్షాధార ఎర్ర నేలల్లో ఆముదం, కంది, బోర్ల కింద వేరుశనగ, మిరప, వీటన్నిటితోపాటు గద్వాల ప్రాంతానికి పేరు తెచ్చిన సీడు పత్తి ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. రేపు ఉదయం వాన పడుతుందన్న ఒక్క అంచనా ఈ రైతుల్లో ప్రతి ఒక్కరికీ వేర్వేరు అర్థాన్నిస్తుంది. సీడు పత్తి రైతు సాయంత్రం పుంకేసరాలు తొలగించిన మొగ్గలపై మరునాటి ఉదయం పుప్పొడి అద్దాలి. కనుక ఆయనకు వాన పడే సమయం ముఖ్యం. ఆముదం రైతుకు గెలల మీద తడి ఎంతసేపు నిలుస్తుందన్నది ముఖ్యం. వరి రైతుకు ఎరువు వేయాలా, ఆగాలా అన్నది ముఖ్యం.

గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, జిల్లా స్థాయి సలహా బులెటిన్లు వెలువడుతున్నాయి. రాబోయే ఐదు రోజులకు వర్షపాతం, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, మేఘావృతం, గరిష్ఠ, కనిష్ఠ గాలిలో తేమ, గాలి వేగం, గాలి దిశ అనే ఎనిమిది అంశాల అంచనా ఈ సలహాలకు ఆధారం. బులెటిన్ సిద్ధమయ్యాక అది ఒకే చోట ఆగదు. 2013లో ప్రారంభమైన ఎంకిసాన్ వంటి సందేశ వేదికలకు, 2019లో వచ్చిన మేఘదూత్ వంటి మొబైల్ అనువర్తనాలకు, పత్రికలకు, ఆకాశవాణికి, గ్రామ పంచాయతీ గోడకు అదే సమాచారం చేరాలి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. బులెటిన్‌ను ఒకరు టైపు చేస్తారు. అందులోంచి సందేశాన్ని మరొకరు కుదిస్తారు. వెబ్ పుటకు ఇంకొకరు అతికిస్తారు. ఐదు నకళ్లు తయారైతే వాటిని ఐదుసార్లు సరిచూడాలి. ఒక దశాంశ బిందువు జారిపోతే 1.5 మిల్లీలీటర్లు 15 అవుతుంది. ఆ పొరపాటు కాగితం మీద ఆగిపోదు, రైతు పిచికారీ డబ్బాలో పడుతుంది. సవరణల విషయంలోనూ ఇదే పరిస్థితి. 2011 మే 13న సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వినియోగాలను నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఇటువంటి ఉత్తర్వు వచ్చిన రోజున ఒక మందు పేరును ఎన్ని కరపత్రాల్లో, ఎన్ని ఫైళ్లలో వెతికి తొలగించాలో ఊహిస్తే ‘ఒకే మూలం’ అనే ఆలోచన విలువ అర్థమవుతుంది.

2. విషయం వేరు, రూపం వేరు

ఎక్స్‌ఎంఎల్ అనేది సమాచారానికి గుర్తులు తగిలించే పద్ధతి. ప్రపంచ వెబ్ సంఘం (డబ్ల్యూ3సీ) దీనిని 1998 ఫిబ్రవరి 10న ప్రమాణంగా ప్రకటించింది. పదాల శుద్ధి యంత్రంలో మనం ‘ఈ మాట లావుగా, ఎర్రగా ఉండాలి’ అని రాస్తాం. ఎక్స్‌ఎంఎల్‌లో ‘ఈ మాట మందు పేరు, ఈ అంకె మోతాదు’ అని రాస్తాం. మొదటిది రూపాన్ని చెబుతుంది, రెండవది అర్థాన్ని చెబుతుంది. అర్థం తెలిస్తే రూపాన్ని ఎప్పుడైనా, ఎన్ని విధాలుగానైనా ఇవ్వవచ్చు. లావు అక్షరం చూసి మాత్రం అది మందు పేరో, ఊరి పేరో యంత్రం చెప్పలేదు.

ఆ రూపాన్నిచ్చే నియమాల పత్రమే స్టైల్‌షీట్. ఇందులో రెండు రకాలు విద్యార్థులకు తెలియాలి. మొదటిది సీఎస్‌ఎస్. ఇది 1996లో వచ్చింది. ఉన్న మూలకాలకు రంగు, పరిమాణం, స్థానం వంటివి చెబుతుంది. రెండవది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. దీని తొలి ప్రమాణం 1999 నవంబరు 16న వెలువడింది. 2.0 రూపం 2007లో, 3.0 రూపం 2017లో వచ్చాయి. ఇది అలంకరణకే పరిమితం కాదు. మూల పత్రంలోని మూలకాలను ఎంచుకుంటుంది, క్రమం మారుస్తుంది, వడబోస్తుంది, లెక్కిస్తుంది, పూర్తిగా కొత్త పత్రాన్ని తయారు చేస్తుంది. ఆ కొత్త పత్రం మరో ఎక్స్‌ఎంఎల్ కావచ్చు, వెబ్ పుట కావచ్చు, గుర్తులేవీ లేని సాదా పాఠ్యం కావచ్చు. అందుచేత తెరపై చూపించడానికి సీఎస్‌ఎస్ చాలు. మరో సాఫ్ట్‌వేర్ చదివే రూపం కావాలంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అవసరం.

విపత్తు హెచ్చరికల రంగంలో ఈ సూత్రం ఇప్పటికే అమలులో ఉంది. ఓయాసిస్ సంస్థ 2010లో ప్రమాణీకరించిన కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ 1.2 ప్రకారం ఒక హెచ్చరిక ఒక ఎక్స్‌ఎంఎల్ పత్రం. అందులో ఒక్కో భాషకు ఒక్కో సమాచార ఖండం ఉండవచ్చు. ఫోను, టీవీ, రేడియో, మొబైల్ అనువర్తనం తమతమ రూపాల్లో దానిని వెలువరిస్తాయి. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ‘సచేత్’ వేదిక ఈ ప్రమాణంపైనే ఆధారపడింది.

3. నమూనా మూల పత్రం

ఎక్స్‌ఎంఎల్‌లో మూలకాల పేర్లు ఆంగ్లంలోనే ఉండాలన్న నియమం లేదు. యూనికోడ్ తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టడానికి ప్రమాణం మొదటినుంచీ అనుమతిస్తున్నది. పత్రం మొదట ప్రకటన వాక్యం లేకపోతే దానిని యూటీఎఫ్-8 సంకేతనంలో ఉన్నట్లుగా సాఫ్ట్‌వేర్ భావిస్తుంది. ఈ కింది పత్రం పాఠం కోసం కూర్చినది. ఇందులోని వాతావరణ అంకెలు నమోదైనవి కావు.

<బులెటిన్>
  <మండలం జిల్లా="జోగుళాంబ గద్వాల">ధరూర్</మండలం>
  <పరిశీలన తేదీ="2023-10-11">
    <సౌరశక్తి నమోదు="లేదు"/>
    <గరిష్ఠం ప్రమాణం="డిగ్రీలు">31.5</గరిష్ఠం>
    <కనిష్ఠం ప్రమాణం="డిగ్రీలు">22.5</కనిష్ఠం>
    <వర్షం ప్రమాణం="మి.మీ.">0</వర్షం>
  </పరిశీలన>
  <అంచనా తేదీ="2023-10-12">
    <వర్షం ప్రమాణం="మి.మీ.">18</వర్షం>
  </అంచనా>
  <సూచన పంట="ఆముదం" దశ="గెల">
    <సమస్య>బూజు తెగులు</సమస్య>
    <సందర్భం>వానకు ముందు</సందర్భం>
    <మందు>ప్రొపికొనజోల్</మందు>
    <మోతాదు ప్రమాణం="మి.లీ." ఆధారం="లీటరు">1</మోతాదు>
    <వివరణ>గెలలపై తడి నిలిస్తే తెగులు వేగంగా వ్యాపిస్తుంది. తెగులు సోకిన గెలలను తొలగించి నాశనం చేయాలి.</వివరణ>
    <అంతర్గత_గమనిక>శాస్త్రవేత్త సరిచూడాలి</అంతర్గత_గమనిక>
  </సూచన>
</బులెటిన్>

ఆముదాన్ని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దక్షిణ తెలంగాణ మండలానికి కేంద్రం. క్రాంతి, హరిత రకాలు, పీసీహెచ్-111 సంకరం వంటి ఆముదాలు అక్కడ రూపొందినవే. గెల దశలో ఎడతెగని ముసురు, అధిక తేమ ఉంటే బూజు తెగులు పంటను దెబ్బతీస్తుంది. తెగులు కనిపించిన తరువాత చేసే పిచికారీ కంటే వాన సూచన ఉన్నప్పుడు ముందుగా చేసే పిచికారీ మేలు. అంటే ఈ సలహాకు విలువ సమయంలో ఉంది. ఆలస్యంగా చేరినా, సగమే చేరినా, తప్పుగా చేరినా అది వ్యర్థం.

ఈ పత్రంలో మూడు విషయాలను గమనించాలి. మొదటిది, మోతాదు అంకె ఒకే ఒక్క చోట ఉంది. ‘1 మి.లీ.’ అని ఏ వాక్యంలోనూ కలిపి రాయలేదు. రెండవది, పరిశీలన వేరు, అంచనా వేరు. రెండింటిలోనూ ‘వర్షం’ ఉన్నా వాటి తల్లి మూలకాలు వేరు. మూడవది, మండలానికి జిల్లా పేరు జోడించాం. ఇది అలంకారం కాదు. తెలంగాణలో వికారాబాద్ జిల్లాలో ధారూర్ మండలం ఉంది. తెలుగులో ఒక దీర్ఘమే తేడా, ఆంగ్లంలో రెంటికీ ఒకే వర్ణక్రమం వాడుతుంటారు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలోనూ ధారూర్ ఉంది. పైగా 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. కనుక పాత రికార్డులతో కలిపే నిజమైన పత్రాల్లో పేరుతోపాటు పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ ఇచ్చే సంఖ్యా సంకేతాన్ని కూడా నమోదు చేయాలి. పంటల పేర్లకు ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రోవాక్ పదకోశ సంకేతాలను వాడవచ్చు. ఆ పదకోశంలోని భాషల్లో తెలుగు కూడా ఉంది.

4. ఐదు సాఫ్ట్‌వేర్లు, ఐదు స్టైల్‌షీట్లు

ఏ రూపానికి ఏమి కావాలో పట్టిక 1లో సంగ్రహించాం.

పట్టిక 1: ఒకే మూల పత్రం నుంచి వెలువడే రూపాలు

| గమ్యం | వెలువడే రూపం | ఎంచుకునే భాగాలు |
|---|---|---|
| బ్రౌజర్ | వెబ్ పుట | అంచనా, అన్ని సూచనలు, వివరణ |
| ముద్రణ | పుటలుగా విభజించిన పత్రం | పరిశీలన, అంచనా, అన్ని సూచనలు, వివరణ |
| సంక్షిప్త సందేశం | సాదా పాఠ్యం | ఒక పంట, ఒక సమస్య, మందు, మోతాదు |
| ధ్వని సందేశం | ఉచ్చారణ గుర్తుల పత్రం | సూచన, పూర్తి మాటల్లో ప్రమాణాలు |
| పంట నమూనా | నిలువు వరుసల సాదా పాఠ్యం | పరిశీలన మాత్రమే |

4.1 బ్రౌజర్, ముద్రణ

ఒక ఎక్స్‌ఎంఎల్ పత్రానికి ఏ స్టైల్‌షీట్ వర్తిస్తుందో ఆ పత్రం మొదట్లోనే ఒక ఆదేశ వాక్యంగా రాయవచ్చు. దీనికి 1999 జూన్‌లో ప్రత్యేక ప్రమాణం వచ్చింది. ఇటువంటి ఆదేశాలు ఒకటికంటే ఎక్కువ ఉండవచ్చు. ఒకటి తెరకు, ఒకటి ముద్రణకు అని మాధ్యమాన్ని పేర్కొనవచ్చు. మరొకటి ప్రత్యామ్నాయం అని కూడా చెప్పవచ్చు. ఇందులో పత్రమే తన రూపాలను ప్రకటిస్తుంది. రెండవ మార్గంలో పత్రం మౌనంగా ఉంటుంది. సర్వర్‌లోని ప్రోగ్రామ్ అడిగిన సాఫ్ట్‌వేర్‌ను గుర్తించి తగిన స్టైల్‌షీట్‌ను వర్తింపజేసి ఫలితాన్ని పంపుతుంది. అపాచీ కొకూన్ అనే వ్యవస్థ ఈ రెండవ మార్గాన్ని తొలినాళ్లలోనే ప్రచారంలోకి తెచ్చింది.

వ్యవసాయ సలహాలకు రెండవ మార్గమే తగినది. బ్రౌజర్లు సొంతంగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0ను మాత్రమే అర్థం చేసుకుంటూ వచ్చాయి. తరువాతి రూపాలు వాటిలో చేరలేదు. ఆ ఉన్న సదుపాయాన్నీ తొలగించనున్నట్లు క్రోమ్ బ్రౌజర్ నిర్మాతలు 2025లో ప్రకటించారు. రైతు ఫోను ఏదో, దానిలోని బ్రౌజర్ ఏదో మన అధీనంలో లేనప్పుడు రూపాంతరీకరణ మన దగ్గరే పూర్తయి సిద్ధమైన పుటే బయటికి వెళ్లాలి.

ముద్రణ విషయంలో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. చాలా డీటీపీ కేంద్రాల్లో నేటికీ యూనికోడ్ కాని ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. అందులో కూర్చిన పాఠ్యాన్ని ఆ ఫాంటు లేని సాఫ్ట్‌వేర్ చదవలేదు. అది మూల పత్రం కావడానికి పనికిరాదు. మూలం యూనికోడ్‌లోనే ఉండాలి. ముద్రణాలయానికి వేరే సంకేతనం కావలసివస్తే అది చివరి మెట్టులో జరిగే మార్పిడిగా ఉండాలి. పీడీఎఫ్ తయారు చేసే ఏ సాధనాన్నైనా స్వీకరించేముందు ‘స్త్రీ’, ‘క్ష్మ’, ‘ర్ష్య’ వంటి సంయుక్తాక్షరాలను అది సరిగా కూరుస్తున్నదో లేదో పరీక్షించాలి. ఇది సాధ్యం కాని చోట వెబ్ పుటకు ముద్రణ సీఎస్‌ఎస్ జోడించి బ్రౌజర్ ద్వారానే పీడీఎఫ్ తీయడం సులువైన దారి.

4.2 సంక్షిప్త సందేశం

రూపం విషయాన్ని ఎంతగా శాసిస్తుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఆంగ్ల అక్షరాల సందేశంలో 160 అక్షరాలు పడతాయి. తెలుగు సందేశానికి యూనికోడ్ సంకేతనం వాడాలి కనుక ఒక సందేశంలో 70 స్థానాలే ఉంటాయి. సందేశం అంతకు మించితే భాగాలుగా విడిపోతుంది. అప్పుడు ఒక్కో భాగంలో 67 స్థానాలే మిగులుతాయి. పైగా స్థానం అంటే మన అక్షరం కాదు. ‘ప్రొ’ మనకు ఒక అక్షరం. యంత్రానికి ప, పొల్లు, ర, ఒత్వం అని నాలుగు స్థానాలు. పొల్లు తరువాత హల్లు అతుక్కోకుండా వేసే కనబడని వేర్పరి కూడా ఒక స్థానం తీసుకుంటుంది.

ఈ వాక్యాన్ని చూడండి: ‘ఆముదంలో బూజు తెగులు: వర్షానికి ముందు ప్రొపికొనజోల్ లీటరు నీటికి 1 మి.లీ. కలిపి పిచికారీ చేయండి.’ ఇందులో 95 స్థానాలు ఉన్నాయి. 70 దగ్గర కత్తిరిస్తే సందేశం ‘1 మి.ల’ అన్న చోట ఆగిపోతుంది. ప్రమాణం సగంలో తెగుతుంది. కత్తిరించక రెండు భాగాలుగా పంపితే మొదటి భాగం ‘1 మ’ వద్ద ముగిసి, గుడి గుర్తు రెండవ భాగంలోకి పోతుంది. ఫోను రెండింటినీ జోడిస్తే ఇబ్బంది లేదు. రెండవ భాగం రాకపోతే రైతు చేతిలో మిగిలేది ప్రమాణం లేని అంకె.

అందుచేత సందేశపు స్టైల్‌షీట్ వాక్యాన్ని కుదించకూడదు. మూలకాలను ఎంచి పేర్చాలి. పంట, సమస్య, సందర్భం, మందు, మోతాదు అనే క్రమంలో పేర్చి చివర పిచికారీ అన్న మాట చేరిస్తే ‘ఆముదం బూజు తెగులు: వానకు ముందు ప్రొపికొనజోల్ 1 మి.లీ./లీటరు పిచికారీ’ అని వస్తుంది. ఇందులో 68 స్థానాలు. అంటే ఒకే సందేశంలో సరిపోయింది. పొడవు 70 దాటితే సందేశాన్ని కత్తిరించి పంపడం కాక, పంపకుండా ఆపి శాస్త్రవేత్తకు తెలియజేసే నియమం ఆ స్టైల్‌షీట్‌లోనే ఉండాలి. ఏ మాటను వదలవచ్చో నిర్ణయించే అర్హత యంత్రానికి లేదు.

4.3 ధ్వని సందేశం

చదవడం రాని రైతుకు, పొలంలో పని చేస్తున్న రైతుకు ధ్వని సందేశమే మేలు. పాఠ్యాన్ని పలికే సాఫ్ట్‌వేర్‌కు ఉచ్చారణ సూచనలిచ్చే ఎస్‌ఎస్‌ఎంఎల్ అనే ఎక్స్‌ఎంఎల్ రూపం 2004లో ప్రమాణమైంది. ధ్వని స్టైల్‌షీట్ ‘మి.లీ.’ని ‘మిల్లీలీటరు’ అని పూర్తిగా విడదీయాలి. ‘1’ని ‘ఒక’ అని పలికించాలి. మోతాదుకు ముందు కొద్ది విరామం ఇచ్చి, మోతాదును రెండుసార్లు వినిపించాలి. మూల పత్రంలో ఆ అంకె ఒకసారే ఉన్నా వెలువడే రూపంలో రెండుసార్లు రావడానికి ఆటంకం లేదు. కంటితో చూసేటప్పుడు విసుగనిపించే పునరుక్తి చెవికి అవసరం.

4.4 పంట నమూనా సాఫ్ట్‌వేర్

సాఫ్ట్‌వేర్‌కు కావలసిన రూపం మనిషికి కావలసిన రూపానికి పూర్తిగా భిన్నం. డీశాట్ నమూనా వాతావరణ ఫైలు సాదా పాఠ్యం. అందులో రోజుకు ఒక వరుస. తేదీ, సౌరశక్తి, గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వర్షపాతం నిర్ణీత నిలువు వరుసల్లో రావాలి. సంప్రదాయిక రూపంలో తేదీకి ఐదు అంకెలు. మొదటి రెండు సంవత్సరం, మిగిలిన మూడు ఆ సంవత్సరంలో ఎన్నవ రోజు అన్నది. 2023 అక్టోబరు 11 ఆ సంవత్సరంలో 284వ రోజు కనుక ‘23284’ అవుతుంది. నమోదు కాని విలువకు ‘-99’ రాయాలి. మన నమూనా పత్రం నుంచి వెలువడే వరుస ఇది:

23284   -99  31.5  22.5   0.0

ఇక్కడ స్టైల్‌షీట్ పరిశీలన కిందనున్న వర్షాన్ని మాత్రమే తీసుకోవాలి. ‘వర్షం’ అని పేరు చూసి ఎంచితే అంచనాలోని 18 మిల్లీమీటర్లు కూడా నమోదైన వానగా లెక్కలో చేరిపోతుంది. తల్లి మూలకంతో సహా దారిని పేర్కొనడం అందుకే ముఖ్యం. అలాగే ‘వాన పడలేదు’ వేరు, ‘వాన కొలవలేదు’ వేరు. మొదటిది సున్న, రెండవది -99. బులెటిన్ స్టైల్‌షీట్ రెండవదానిని ‘నమోదు కాలేదు’ అని ముద్రించాలి. లోపించిన సౌరశక్తి విలువను అంచనా వేసి పూరించడం నమూనా నడిపేముందు వేరుగా చేయవలసిన శాస్త్రీయ పని. దానిని స్టైల్‌షీట్‌లో దాచకూడదు.

5. తరచు ఎదురయ్యే దోషాలు

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో మనం నియమం రాయని మూలకాలకు అంతర్నిర్మిత నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం మూలకాల్లోని పాఠ్యమంతా ఉన్నదున్నట్లు వెలుపలికి వస్తుంది. లక్షణాల్లోని విలువలు మాత్రం, అడిగితే తప్ప, రావు. మన పత్రానికి దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. నియమాలు అసంపూర్తిగా ఉన్న స్టైల్‌షీట్‌తో ‘శాస్త్రవేత్త సరిచూడాలి’ అన్న అంతర్గత గమనిక రైతు సందేశంలోకి వెళ్తుంది. మోతాదు పక్కన లక్షణంగా రాసిన ‘మి.లీ.’ మాయమై ‘1’ మాత్రం మిగులుతుంది. చెప్పకూడనిది బయటపడుతుంది, చెప్పవలసినది జారిపోతుంది. దీనికి విరుగుడుగా ప్రతి స్టైల్‌షీట్‌లోనూ మొదటి నియమంగా పాఠ్యం సహజ ప్రవాహాన్ని నిలిపివేసి, తరువాత కావలసిన మూలకాలను ఒక్కొక్కటిగా అనుమతించాలి.

రెండవ దోషం కూడికలో వస్తుంది. వారపు మొత్తం వర్షపాతం లెక్కించేటప్పుడు ఒక్క వర్షం మూలకం ఖాళీగా ఉన్నా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో మొత్తం ఫలితం ‘సంఖ్య కాదు’ అని వస్తుంది. ఇది చూసి కంగారుపడి ఖాళీల్లో సున్నలు నింపే అలవాటు విద్యార్థుల్లో కనిపిస్తుంది. ఆ పని చేస్తే దోషం కనబడకుండా పోతుందే తప్ప తొలగిపోదు. నమోదైన విలువలను మాత్రమే ఎంచి కూడి, ఎన్ని రోజుల విలువలు ఉన్నాయో పక్కనే చూపడం సరైన పద్ధతి.

మూడవది, ప్రతి స్టైల్‌షీట్‌లోనూ ప్రమాణాల నియమాలను మళ్లీ మళ్లీ రాయడం. మనం నకళ్ల బెడదను తప్పించుకోవడానికి ఈ పద్ధతికి వచ్చి, స్టైల్‌షీట్లలోనే నకళ్లు పెంచుకుంటే ప్రయోజనం లేదు. ప్రమాణాలు, తేదీలు, పంటల పేర్లకు ఉమ్మడి స్టైల్‌షీట్ ఒకటి రాసి, మిగిలినవి దానిని దిగుమతి చేసుకోవాలి. దిగుమతి చేసుకున్న నియమం కంటే సొంత నియమానికి ప్రాధాన్యం ఉంటుంది కనుక ధ్వని స్టైల్‌షీట్ ‘మి.లీ.’ ఉచ్చారణను మాత్రం తనకు తగినట్లు మార్చుకోగలదు.

నాలుగవది, మోతాదును స్టైల్‌షీట్‌లో లెక్కించడం. ఎకరాకు 200 లీటర్ల పిచికారీ ద్రావణం అనుకుంటే 200 మి.లీ. మందు అని గుణించి చూపడం తేలిక. కానీ ఎకరాకు ఎంత ద్రావణం అన్నది పంట దశను, పిచికారీ పరికరాన్ని బట్టి మారుతుంది. అది శాస్త్రీయ నిర్ణయం, కేవలం గుణకారం కాదు. అటువంటి విలువ మూల పత్రంలో శాస్త్రవేత్త ఆమోదంతో ఉండాలి. స్టైల్‌షీట్‌కు ఏది తగునో, ఏది తగదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ మార్పు తప్పయితే పంటకు నష్టమా, చూపుకు నష్టమా? పంటకు నష్టమైతే అది మూలంలో ఉండవలసినదే.

6. తనిఖీ

ఒకే మూలం అన్న పద్ధతిలో ఒక ప్రమాదం దాగి ఉంది. మూలంలో తప్పు దొర్లితే అది ఏకకాలంలో అన్ని రూపాల్లోకీ పాకుతుంది. నకళ్ల పద్ధతిలో ఐదింటిలో ఒకటి తప్పయితే మిగిలిన నాలుగు దానిని పట్టిస్తాయి. ఇక్కడ ఆ సాక్షులు లేరు. అందుచేత స్టైల్‌షీట్లకు ముందు తనిఖీ తప్పనిసరి.

పత్రం నిర్మాణం సరిగా ఉందో లేదో స్కీమా చూస్తుంది. దానికి మించిన నియమాలకు 2006లో ఐఎస్‌ఓ ప్రమాణమైన స్కీమాట్రాన్ అనువైనది. ‘మందు ఉంటే మోతాదు ఉండాలి’, ‘మోతాదుకు ప్రమాణం, ఆధారం రెండూ ఉండాలి’, ‘కనిష్ఠం గరిష్ఠాన్ని మించరాదు’, ‘నిషేధిత మందుల జాబితాలో ఉన్న పేరు రాకూడదు’ వంటి నియమాలను అందులో రాయవచ్చు. నాలుగవ నియమం ఉన్న చోట, ఒక మందుపై నిషేధం వచ్చిన రోజున జాబితాలో ఒక్క పేరు చేరిస్తే, ఆ పేరున్న ఏ పాత సలహా కూడా మళ్లీ బయటికి రాదు. ఈ తనిఖీలు నెరవేరాక కూడా ఒక శాస్త్రవేత్త చదివి ఆమోదించాలి. యంత్రం 1కీ 10కీ తేడా చూడగలదు, కానీ ఏది సరైనదో దానికి తెలియదు.

7. పరిమితులు, ఆచరణ

ఈ పద్ధతి అన్ని చోట్లా అవసరం లేదు. ఒకసారి పంచి ముగించే కరపత్రానికి ఇంత ఏర్పాటు వృథా. వారానికి రెండుసార్లు, ఏళ్ల తరబడి, ఒకే నిర్మాణంతో, అనేక రూపాల్లో వెలువడే బులెటిన్ల వంటి వాటికే ఇది ఫలిస్తుంది. మొబైల్ అనువర్తనాలు నేడు ఎక్కువగా జేసన్ అనే తేలిక రూపాన్ని వాడుతున్నాయి. ఆ రూపాన్ని కూడా మరో స్టైల్‌షీట్ ద్వారా ఇవ్వవచ్చు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లో దానికి నేరుగా సదుపాయం ఉంది. వాక్యాల మధ్య గుర్తులు, ఉపశీర్షికలు, వివరణలు కలగలిసిన పాఠ్యానికి మాత్రం ఎక్స్‌ఎంఎల్ ఇప్పటికీ అనువుగా ఉంటుంది.

బులెటిన్ రాసే శాస్త్రవేత్త కోణ బ్రాకెట్లు టైపు చేయవలసిన పనిలేదు. ఆయన ముందు ఒక నమూనా ఫారం ఉంటే చాలు. అది పూరిస్తే ఎక్స్‌ఎంఎల్ తయారవుతుంది. అభ్యసించదలచిన విద్యార్థులకు లిబ్రేఆఫీస్‌లోని ఎక్స్‌ఎంఎల్ వడపోత సదుపాయం, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్, శాక్సన్ వంటి సాధనాలు అందుబాటులో ఉన్నాయి.

8. విద్యార్థులకు అభ్యాసాలు

1. పై నమూనా పత్రానికి సీడు పత్తి సూచన ఒకటి చేర్చండి. వాన పడే అవకాశం ఉదయమా, సాయంత్రమా అన్నది తెలిపేందుకు ‘అంచనా’ మూలకంలో ఏ మార్పు చేయాలో నిర్ణయించండి.
2. ఆ సూచన నుంచి 70 స్థానాలకు మించని సందేశం కూర్చండి. గుణింతాలను, పొల్లులను, ఖాళీలను విడివిడిగా లెక్కించి పట్టిక రాయండి.
3. మీ సమీప వాతావరణ పరిశీలన కేంద్రం నుంచి పది రోజుల వివరాలు తీసుకుని, నమోదు కాని విలువలను సున్నలతో కలపకుండా డీశాట్ వరుసలుగా మార్చండి.
4. మూల పత్రంలో ఒక మోతాదును ఉద్దేశపూర్వకంగా పదిరెట్లు చేయండి. మీరు రాసిన తనిఖీ నియమాల్లో ఏది దానిని పట్టుకుంటుందో చూడండి. ఏదీ పట్టుకోకపోతే ఏ నియమం లోపించిందో రాయండి.

9. ముగింపు

ఒక పత్రానికి పలు స్టైల్‌షీట్లు వర్తింపజేయడం సాంకేతికంగా చిన్న విషయం. అది మన పనిలో తెచ్చే క్రమశిక్షణ పెద్దది. ఏది విషయమో, ఏది రూపమో విడదీయమని, ప్రతి అంకెకూ ప్రమాణం జోడించమని, లేని విలువను లేదని ఒప్పుకోమని అది మనల్ని బలవంతపెడుతుంది. ప్రయోగ క్షేత్రంలో మనం పాటించే నియమాలు ఇవే. ప్లాటుకు పేరు, కొలతకు ప్రమాణం, లోపించిన పరిశీలనకు గుర్తు లేకుండా మనం ఏ ఫలితాన్నీ అంగీకరించం. విస్తరణ సందేశానికి కూడా అదే నియమం వర్తించాలి. ధరూర్ రైతు గోడమీద బులెటిన్ చదివినా, ఫోనులో సందేశం చూసినా, రేడియోలో విన్నా ఒకే మోతాదు, ఒకే సమయం, ఒకే మాట ఆయనకు చేరాలి.